ఆ తలుపు మీది చెక్కపలక

మా పక్కింట్లో వీధి తలుపు పైన, లోపలివైపు, బయటికి వెళ్ళేవాళ్ళ కళ్ళకి ఆనేలా ఒక చెక్కపలక ఉంది. దాని మీద తెల్లటి అక్షరాలతో ‘రిటర్న్ విత్ ఆనర్’ అని రాసి ఉంటుంది. గౌరవంగా తిరిగి రా, అని. మేముండే అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఇలాంటి పలకలు చాలా ఇళ్ళల్లో చూశాను. పిల్లలు స్కూలుకి వెళ్ళినా, ఆటకి వెళ్ళినా దాని కిందనుంచే వెళ్ళాలి. అయితే ఆ పలక అసలు ఎదురుచూసేది ఇంకో ప్రయాణం కోసం. పద్దెనిమిదేళ్ళు నిండిన కొడుకు సూటు వేసుకుని, రెండు సూట్‌కేసులు పట్టుకుని, రెండేళ్ళ పాటు మిషన్‌కి, అంటే ఇంటింటికీ తిరిగి తమ మతం బోధించడానికి, బయల్దేరే రోజు కోసం.

పక్కింటి అబ్బాయి 2022 వేసవిలో దాని కిందనుంచే జపాన్‌కి బయల్దేరాడు. 2023 ఫిబ్రవరిలో తిరిగొచ్చాడు. రెండేళ్ళకి కాదు, ఏడు నెలలకే.

ఆ ఏడు నెలల గురించీ, వచ్చాక జరిగినదాని గురించీ రాయాలని ఎప్పటినుంచో ఉంది. వాళ్ళింట్లో అడిగాను. ‘రాయండి, నా పేరు మాత్రం వద్దు’ అన్నాడు ఆ అబ్బాయి. అందుకే ఇందులో పేర్లు ఉండవు. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఆ పలక మీది గౌరవానికి ఇరవై నాలుగు నెలలని లెక్క కట్టడం అన్యాయం. అంత చిన్న వయసులో ఇల్లు వదిలి వెళ్ళినవాడు ఎప్పుడు తిరిగొచ్చినా గౌరవంగా వచ్చినట్టే. ఈ మాట నేనెందుకు ఇంత గట్టిగా అంటున్నానో కూడా చెబుతాను, కొంచెం ఆగండి.

పక్కింటివాళ్ళు మోర్మన్లు. మనలో చాలామందికి మోర్మన్లంటే ఎవరో సరిగ్గా తెలియదు. వాళ్ళ సంఘం అసలు పేరు పెద్దది, తెలుగులో వాళ్ళే ‘యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము’ అని రాసుకుంటారు. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించాడు. మోర్మన్ అనకుండా పూర్తి పేరుతో పిలవమని 2018 నుంచి గట్టిగా అడుగుతున్నారు. నేను అందరికీ అర్థం కావాలని పాత మాటే వాడుతున్నాను, ఎవరినీ నొప్పించాలని కాదు. మగపిల్లలకి మిషన్ ఒక బాధ్యత, ఆడపిల్లలకి ఇష్టమైతేనే. మగపిల్లలు రెండేళ్ళు చేస్తారు, ఆడపిల్లలు ఏడాదిన్నర. 2012 అక్టోబరులో వయసు తగ్గించారు: మగపిల్లలకి 19 నుంచి 18కి, ఆడపిల్లలకి 21 నుంచి 19కి (2025లో అది కూడా 18 అయింది). అంటే హైస్కూలు అయిపోగానే, కాలేజీ మొహం చూడకముందే వెళ్ళిపోవచ్చు. 2024 చివరికి ప్రపంచమంతా కలిపి 74,000 మందికి పైగా మిషనరీలు ఈ పని మీద ఉన్నారు. జీతం ఉండదు సరికదా, ఎదురు డబ్బు కట్టాలి. అమెరికా కుటుంబాలైతే 2020 జులై నుంచి నెలకి 500 డాలర్లు. ఏ దేశం వెళ్ళాలో మనం ఎంచుకునే వీల్లేదు. పై నుంచి పిలుపు వస్తుంది, అక్కడికే వెళ్ళాలి.

ఆ పిలుపు విప్పిన సాయంత్రం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. ఒకప్పుడు పెద్ద తెల్ల కవరు పోస్టులో వచ్చేదట, 2018 నుంచి ఈమెయిల్‌లో వస్తోంది. హాల్లో పెళ్ళిచూపులకి వచ్చినంత మంది జనం. గోడకి ప్రపంచ పటం తగిలించి, ఎవరి ఊహ ప్రకారం వాళ్ళు రంగు కాగితాలు అంటిస్తున్నారు. నేను పెరూ మీద అంటించాను. అబ్బాయి ల్యాప్‌టాప్ ముందు నిలబడి పైకి చదివాడు. ‘జపాన్’ అనగానే వాళ్ళ నాన్న కుర్చీలోంచి లేచి అరిచారు, చెల్లెళ్ళు గెంతారు. వాళ్ళమ్మ మాత్రం పటం దగ్గరికి వెళ్ళి యూటా మీద ఒక వేలు, జపాన్ మీద ఒక వేలు పెట్టి అలాగే కాసేపు చూసింది. మా అమ్మ కూడా ఒకప్పుడు గోడకున్న పటంలో అలాగే కొలిచి చూసింది.

ముందు యూటాలోనే ప్రోవోలో శిక్షణ, భాష నేర్చుకోవడానికి కొన్ని వారాలు. ఆ తర్వాత హొక్కైడో. జపాన్‌కి ఉత్తరాన ఉన్న పెద్ద దీవి, సైబీరియా గాలి నేరుగా తగిలే చోటు. అక్కడి అసాహికావా ఊళ్ళో 1902 జనవరిలో మైనస్ 41 డిగ్రీలు పడింది, జపాన్ రికార్డుల్లో అదే అతి తక్కువ. అబ్బాయి ఉన్నది అలాంటి ఒక మంచు ఊళ్ళోనే.

వాళ్ళ రోజు ఎలా గడుస్తుందో అతను నాకు వంటింట్లో కూర్చుని విడతలు విడతలుగా చెప్పాడు. పొద్దున ఆరున్నరకి లేవాలి. అరగంట వ్యాయామం, స్నానం, టిఫిన్. ఎనిమిదింటికల్లా పుస్తకం పట్టుకోవాలి: ముందు ఎవరికి వాళ్ళు గ్రంథం చదువుకోవడం, తర్వాత ఇద్దరూ కలిసి చదవడం, తర్వాత జపనీస్. అది అవగానే నల్ల పేరుబిళ్ళ పెట్టుకుని రోడ్డెక్కాలి. రాత్రి తొమ్మిదికి గదికి చేరాలి, పదిన్నరకి లైటు ఆపాలి. సినిమా లేదు, టీవీ లేదు, ఈత కొట్టకూడదు, అమ్మాయిలతో తిరగకూడదు. ఫోను ఇస్తారు, అది పని కోసం. వారానికి ఒక్క రోజు, మామూలుగా సోమవారం, పీ-డే అంటారు. బట్టలు ఉతుక్కోవడం, సరుకులు తెచ్చుకోవడం, జుట్టు కత్తిరించుకోవడం, ఇంటికి ఈమెయిల్ రాయడం, అన్నీ ఆ రోజే. అది కూడా సాయంత్రం ఆరింటివరకే. ఆరు దాటితే మళ్ళీ టై కట్టుకోవాల్సిందే.

మిషన్‌లో ఉన్నన్నాళ్ళూ మన పేరుతో ఎవరూ పిలవరు. ఇంటిపేరుకి ముందు ‘ఎల్డర్’ అని చేర్చి పిలుస్తారు. జపనీస్‌లో దాన్ని ‘చోరో’ అంటారు. మన తెలుగు చర్చిల్లో ‘సంఘ పెద్ద’ అంటారే, ఆ మాట. గడ్డం సరిగ్గా రాని పిల్లాడి ఛాతీ మీద ఆ మాట ఉంటుంది. అక్కడి ముసలివాళ్ళు చూసి నవ్వేవాళ్ళట.

అన్నిటికన్నా పెద్ద నియమం కంపానియన్. మిషనరీ ఎప్పుడూ ఒంటరిగా ఉండకూడదు. జంటగా వేసిన మనిషికి కనిపించేంత, వినిపించేంత దగ్గరలో ఉండాలి, రోజంతా, రెండేళ్ళంతా. ఆ జంటని మనం ఎంచుకోం. ఆరు వారాలకోసారి ట్రాన్స్‌ఫర్లు వస్తాయి, ఎవరు మారతారో ఎవరుంటారో అప్పుడు తెలుస్తుంది. ఇతని మొదటి కంపానియన్ తనకన్నా ఏడాది పెద్ద. కష్టపడే మనిషి, మంచివాడు, కానీ మౌనంగా ఉండలేడు. ఇతను మౌనం లేకపోతే బతకలేని రకం. ‘ఆంటీ, నేను ఒక్కణ్ణే ఉండగలిగిన చోటు బాత్రూం ఒక్కటే. కుళాయి తిప్పి ఏడ్చేవాణ్ణి. ఎంతసేపు తిప్పితే అనుమానం రాదో లెక్క కూడా తెలిసిపోయింది’ అన్నాడు. ఆంటీ అనడం మా అమ్మాయి దగ్గర నేర్చుకున్నాడు.

మంచు పడేదాకా సైకిళ్ళు. మంచు మొదలయ్యాక నడక. అక్కడి ఇళ్ళకి గాలి కొట్టకుండా ముందు ఒక అద్దాల గది ఉంటుంది, దాని బయట ఇంటర్‌కమ్. బటన్ నొక్కి తన పేరు చెబుతాడు. లోపలినుంచి ‘కెక్కో దెసు’ అని మర్యాదగా వినబడుతుంది, అక్కర్లేదండీ అని. టక్కున ఆగిపోతుంది. మనిషి మొహం కూడా కనబడదు. ఆ మాట ఒక్క వీధిలోనే ముప్పైసార్లు విన్న రోజులున్నాయట. తిడితే కోపం వచ్చేది, మర్యాదగా చెబుతుంటే ఏం చెయ్యాలో తోచేది కాదు అన్నాడు. ఒకసారి ఒక ముసలావిడ తలుపు తీసి, మతం మాట ఎత్తకముందే ఇద్దరి చేతుల్లో నారింజలు పెట్టి, చలిలో తిరగొద్దని కసిరిందట. ఆవిడ గురించి చెప్పేటప్పుడు మాత్రం అతని మొహం వెలిగింది.

ఇంకో వెలుగు, వారానికోసారి చర్చి హాల్లో పెట్టే ఉచిత ఇంగ్లీషు క్లాసు. జపాన్‌లో ఈ మిషనరీలకి ఇది పాత అలవాటు. రిటైరైన టీచరు, సూపర్‌మార్కెట్‌లో పనిచేసే ఆవిడ, పరీక్షకి తయారవుతున్న స్కూలు పిల్లాడు వచ్చేవాళ్ళు. ‘అక్కడ నేను ఎవరికో ఒకరికి పనికొస్తున్నాను అనిపించేది’ అన్నాడు. కానీ ఆదివారం రాత్రి పైవాళ్ళకి చెప్పాల్సిన లెక్కల్లో ఇంగ్లీషు క్లాసు వెలుగు రాదు. ఈ వారం కొత్తగా ఎంతమందితో మాట్లాడారు, ఎంతమంది ఆదివారం ఆరాధనకి వచ్చారు, బాప్తిస్మానికి ఎంతమంది తేదీ పెట్టుకున్నారు, ఇవీ లెక్కలు. వారాల తరబడి సున్నా, సున్నా, సున్నా. ఎవరూ తిట్టలేదట. సున్నా అని పైకి అనడమే చాలు.

నవంబరు నుంచి నిద్ర పట్టడం మానేసింది. డిసెంబరులో పొద్దున టై కట్టుకోగానే వాంతి వచ్చేది. జనవరికి గుండె దడ, చేతులు వణకడం, నడిరోడ్డు మీద మంచులో కూర్చుండిపోవడం. అప్పుడు కంపానియనే మిషన్ ప్రెసిడెంట్‌కి, అంటే అక్కడి మిషనరీలందరికీ పెద్దకి, ఫోన్ చేశాడు. ప్రెసిడెంటూ ఆయన భార్యా తనని సొంత బిడ్డలా చూసుకున్నారని అబ్బాయి ఇప్పటికీ అంటాడు. డాక్టర్లతో మాట్లాడించి, ఇంటికి పంపడమే మంచిదని వాళ్ళే తేల్చారు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. మిషనరీలు వారం వారం రాసే ఈమెయిళ్ళని ఇంటివాళ్ళు బంధువులకీ, ఇరుగుపొరుగుకీ పంపుతారు. వాళ్ళమ్మ నా పేరు కూడా ఆ లిస్టులో చేర్చింది. మొదట్లో పెద్ద పెద్ద మెయిళ్ళు, ఫొటోలు, రామెన్ గిన్నెలు, సైకిలు పంక్చర్ కథలు. డిసెంబరుకి నాలుగు లైన్లయ్యాయి. మంచు బాగా పడుతోంది, అంతా బాగుంది, మీ అందరినీ ప్రేమిస్తున్నాను. ఆ ‘అంతా బాగుంది’ చదివి నాకు భయం వేసింది. ఎందుకంటే ఆ మెయిళ్ళు నేనూ రాశాను.

2008 ఆగస్టులో ఎమ్మెస్ చెయ్యడానికి అమెరికా వచ్చాను. తెనాలి దగ్గర మా ఊరినుంచి మా వంశంలో మొదటిదాన్ని. పొలం మీద అప్పు తెచ్చి పంపారు నాన్న. రైల్వే స్టేషన్‌కి ముప్పైమంది వచ్చారు, మెడలో దండ కూడా వేశారు. ఆరు నెలలు తిరక్కుండానే నాకు ఏమైందో నాకే అర్థం కాలేదు. క్లాసులోకి అడుగు పెట్టాలంటే కాళ్ళు రావు. రాత్రంతా కళ్ళు తెరుచుకునే ఉంటాను. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం అంతా బాగుందమ్మా, చలి ఎక్కువ అంతే. 2009 మార్చిలో సెమిస్టర్ మధ్యలో వచ్చేశాను. ఈసారి స్టేషన్‌కి నాన్న ఒక్కరే వచ్చారు, అదీ తెల్లవారుజామున, ఊరు లేవకముందు ఇంటికి చేరేలా.

అమ్మ అందరికీ ‘సెలవులకొచ్చింది’ అని చెప్పింది. సెలవులు ఎంతకాలం ఉంటాయి? తర్వాత ‘వీసా పనుంది’ అంది. ఎవరైనా వస్తే నేను వెనక గదిలోకి వెళ్ళేదాన్ని. ఎవరూ వెళ్ళమనలేదు, గేటు చప్పుడైతే నా కాళ్ళే వెళ్ళిపోయేవి. ‘ఏమ్మా, మళ్ళీ ఎప్పుడు ప్రయాణం?’ అనే ఒక్క ప్రశ్న తప్పించుకోవడానికి మూడు నెలలు వీధి అరుగు మీదికి రాలేదు. నాకు జబ్బు చేసిందని ఎవరూ అనలేదు. కామెర్లు వచ్చి తిరిగొస్తే పసరు మందు పట్టుకుని ఊరంతా వచ్చేది. మనసుకి వచ్చినదానికి ఊరు రాదు.

తర్వాత కోలుకున్నాను. హైదరాబాద్‌లో ఉద్యోగం, పెళ్ళి, 2016లో ఆయన ఉద్యోగం వల్ల యూటా. అదంతా వేరే కథ. కానీ 2023 ఫిబ్రవరిలో పక్కింటి అబ్బాయి వచ్చిన పద్ధతి చూసి నాకు ఆ తెల్లవారుజాము గుర్తొచ్చింది.

సాల్ట్ లేక్ సిటీ ఎయిర్‌పోర్టులో మామూలుగా మిషనరీ ఇంటికొచ్చే దృశ్యం చూసి తీరాలి. 2020లో కొత్త టెర్మినల్ కట్టినప్పుడు, వీళ్ళకి ఎదురొచ్చే కుటుంబాల కోసమనే విడిగా ఒక హాలు పెట్టారు. బెలూన్లు, పాత ఫొటోలతో పోస్టర్లు, చక్రాల కుర్చీలో తాతమ్మలు, అన్న వెళ్ళాక పుట్టిన తమ్ముళ్ళు. మనిషి కనబడగానే అందరూ ఆగిపోతారు, మొదటి కౌగిలి అమ్మది. ఆ తర్వాతే మిగతావాళ్ళు. ఇతని కోసం వాళ్ళ నాన్న ఒక్కరే రాత్రిపూట వెళ్ళారు. వాళ్ళమ్మ ఇంట్లోనే ఉండిపోయింది, ఎయిర్‌పోర్టులో తెలిసినవాళ్ళు కనబడతారేమో, కొడుకు ఇబ్బంది పడతాడేమో అని. ఆ రాత్రే స్టేక్ ప్రెసిడెంట్, అంటే కొన్ని స్థానిక సంఘాలకి పెద్ద, మిషన్ నుంచి విడుదల చేశారు. పేరుబిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడు. అంతే.

మూడో రోజు తెల్లవారుజామున ఐదింటికి పార చప్పుడుకి మెలకువ వచ్చింది. కిటికీలోంచి చూస్తే ఆ అబ్బాయి మా వాకిట్లో మంచు తీస్తున్నాడు. తమ వాకిలి అయిపోయింది, మాది చేస్తున్నాడు, ఆ తర్వాత ఎదురింటిది. ఆ వేళప్పుడు రోడ్డు మీద ఎవరూ ఉండరు కాబట్టి. లోపలికి పిలిచాను. టీ, కాఫీ వాళ్ళు తాగరు, మతనియమం. శొంఠి, బెల్లం వేసి పాలు కాచి ఇచ్చాను. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు తాగకుండా కూర్చున్నాడు. ‘నేను కూడా మధ్యలో వచ్చేసినదాన్నే’ అన్నాను. మొహం ఎత్తి చూశాడు. అలా మొదలయ్యాయి మా మాటలు.

ఇప్పుడు అవతలి వాదన. వాళ్ళ నాన్న నాతో నిజాయితీగా వాదించారు, ఆ వాదన తేలికది కాదు. ఆయన తొంభైల్లో బ్రెజిల్‌లో మిషన్ చేశారు. అప్పట్లో ఇంటికి ఫోన్ క్రిస్మస్‌కీ, మదర్స్ డేకీ మాత్రమే. మూడో నెలలో ఆయనా వచ్చేద్దామనుకున్నారు. అబ్బాయి తాతగారు ఉత్తరం రాశారట, ఇంకొక్క వారం ఉండి చూడు అని. అలా వారం వారం లాగితే రెండేళ్ళయ్యాయి. ‘ఆ రెండేళ్ళే నన్ను మనిషిని చేశాయి. వెనక్కి రావడం తేలికైతే నేను కూడా వచ్చేసేవాణ్ణే’ అన్నారాయన.

దీన్ని నేను కొట్టిపారెయ్యను. మా ఆఫీసులో సగంమంది మిషన్ చేసి వచ్చినవాళ్ళు. ఒకరు పోర్చుగీసు మాట్లాడతారు, ఇంకొకరు తగలోగ్. ఇరవై ఏళ్ళకే వంట, ఇస్త్రీ, గొడవపడ్డ మనిషితో అదే గదిలో సర్దుకుపోవడం, మొహం మీద వద్దు అన్నా నవ్వుతూ నమస్కారం పెట్టి వెళ్ళడం నేర్చుకున్నవాళ్ళు. మన ఇళ్ళల్లో ఆ వయసు మగపిల్లాడు తిన్న కంచం తియ్యడు. ఈ క్రమశిక్షణ మంచిదే. నా గొడవ క్రమశిక్షణతో కాదు. కష్టం ఒకటి, విరిగిపోవడం ఒకటి. బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి, రెండో రకం మనిషికి కూడా ‘ఇంకొక్క వారం’ అని చెబుతాం. వాళ్ళ నాన్నకి ఆ ఉత్తరం పనిచేసింది. ఎవరికి పనిచెయ్యదో ఉత్తరం రాసేవాళ్ళకి ఎలా తెలుస్తుంది? కాలు విరిగి తిరిగొచ్చిన మిషనరీని ‘ఇంకో వారం నడిచి చూడాల్సింది’ అని ఎవరూ అనరు కదా.

ఇక కథల బలం ఉంది. 1839 సెప్టెంబరులో సంఘం తొలి నాయకులు బ్రిగమ్ యంగ్, హీబర్ కింబల్ జ్వరాలతో వణుకుతూ, ఇంట్లో భార్యాబిడ్డలు కూడా మంచాన ఉండగా ఇంగ్లండ్ మిషన్‌కి బయల్దేరిన కథ ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. బండి మీద లేచి నిలబడి ఇంటివాళ్ళకి కేక వేసి మరీ వెళ్ళారట. పక్కింటి అబ్బాయి మంచులో కూర్చుండిపోయిన రోజు కూడా అదే కథ తలుచుకున్నాడు. వాళ్ళు జ్వరంతో వెళ్ళారు, నేను ఏమీ లేకుండానే పడిపోయాను అని.

అప్పుడు నేను ఆ సంఘం చరిత్రే వెతికాను. నాకు దొరికింది అతనికి చూపించాను. జపాన్‌లో మొదటి మిషన్ తెరిచింది హీబర్ జె. గ్రాంట్ అనే అపొస్తలుడు (ఈ సంఘంలో అతి పై పెద్దల్ని అలా అంటారు), 1901లో. రెండేళ్ళు తంటాలు పడ్డాడు, భాష పట్టుబడలేదు, చేరినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. తర్వాత ఆయన మొత్తం సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 1924లో జపాన్ మిషన్ మూసేసి అందరినీ వెనక్కి రమ్మన్నది ఆ గ్రాంటే. ఇరవై మూడేళ్ళ పనికి చేరినవాళ్ళు రెండొందలు కూడా లేరు. అంతకుముందు ఏడాది టోక్యోని భూకంపం నేలమట్టం చేసింది, 1924లోనే అమెరికా వలస వచ్చే జపనీయులకి తలుపులు మూసేసింది. ఇక లాభం లేదు, వచ్చెయ్యండి అన్నారు. మళ్ళీ 1948లో తెరిచారు. ఇప్పుడు జపాన్‌లో సభ్యులు సుమారు లక్షా ముప్పై వేలమంది. గ్రాంట్‌ని ఎవరైనా మధ్యలో వచ్చేసినవాడు అంటున్నారా? మన వైపు కథే చూడండి. 1853లో రిచర్డ్ బాలంటైన్ అనే ఈ సంఘం మిషనరీ మద్రాసు వచ్చాడు, మన జిల్లాలు కూడా అప్పుడు ఆ మద్రాసు ప్రెసిడెన్సీ కిందే. ఏడాది ప్రయత్నించాడు, పని సాగలేదు, వెళ్ళిపోయాడు. యూటాలో ఈ రోజుకీ ఆయన్ని మొదటి ఆదివారపు బడి పెట్టిన మహానుభావుడనే తలుచుకుంటారు. సంఘం వెనక్కి రావచ్చు, అపొస్తలుడు రావచ్చు, పంతొమ్మిదేళ్ళ పిల్లాడు రాకూడదా?

ఇది చదివి మనవాళ్ళు కొందరు నన్ను అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. మతం మార్చడానికి వెళ్ళిన కుర్రాడి మీద నీకెందుకింత ప్రేమ, అని. ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా మతమార్పిడి మాట ఎత్తితే ఇళ్ళల్లో గొంతులు లేస్తాయి. నేను వినాయకుడికి ఉండ్రాళ్ళు పెట్టుకునే మనిషిని, సౌత్ జోర్డాన్‌లోని గణేశుడి గుడికి వెళ్తాను. గుమ్మం ముందుకొచ్చి నీ దేవుణ్ణి మార్చుకో అనడం నాకు నచ్చదు, ఆ మాట వాళ్ళింట్లో కూడా చెప్పాను. కానీ మా గుమ్మంలోకి ఆ జంట వచ్చినప్పుడు నాకు మతం కన్నా ముందు కనిపించేది ఎండలో టైతో చెమటలు కక్కుతున్న ఇద్దరు పిల్లలు. మంచినీళ్ళిచ్చి, మా దేవుళ్ళు మాకున్నారు నాయనా అని పంపుతాను. వద్దు అనడం నా హక్కు. ఆ వద్దు మోస్తూ తిరిగేది ఎవరి కొడుకో అని తలుచుకోవడానికి నా భక్తి అడ్డం రాదు.

అన్నట్టు ఈ సంఘం మనవాళ్ళకి కొత్తేమీ కాదు. 1978లో ఎడ్విన్ ధర్మరాజు దంపతులు సమోవా నుంచి హైదరాబాద్ వచ్చి తమ బంధువులకి బాప్తిస్మం ఇప్పించారు. ఇండియాలో మొదటి స్టేక్ 2012లో హైదరాబాద్‌లోనే ఏర్పడింది. ఒకసారి సాల్ట్ లేక్‌లో వాళ్ళ పెద్ద ఆలయం ఉన్న టెంపుల్ స్క్వేర్‌లో తిరుగుతుంటే, పేరుబిళ్ళ పక్కన మన జెండా పెట్టుకున్న అమ్మాయి కనబడింది. తెలుగు అని తెలిసి ‘ఎక్కడండీ మీది?’ అంది, అచ్చం గోదావరి యాసలో. రాజమండ్రి. అమ్మ చేతి చేపల పులుసు గురించి అడిగితే కళ్ళు తుడుచుకుని నవ్వింది. మధ్యలో ఇంటికి వెళ్ళాలనిపించలేదా అన్నాను. ‘వెళ్తే మా పెదనాన్నగారు చెప్పామా అనరా అండీ? చేరొద్దని మొదట్నించీ అంటూనే ఉన్నారు’ అంది. యూటా పిల్లాడికి ఊరంతా మిషన్ చేసినవాళ్ళే అన్న భయం. ఆ అమ్మాయికి బంధువుల్లో చేసినవాళ్ళు ఒక్కరూ లేరన్న భయం. ఎటు చూసినా తిరిగి వచ్చే దారి ఇరుకే.

సంఘం ఏమీ చెయ్యడం లేదని కాదు. 2019 ఫిబ్రవరి నుంచి మిషనరీలు వారం వారం ఇంటికి ఫోన్ చేసుకోవచ్చు, వీడియోలో మాట్లాడుకోవచ్చు. ఇంట్లోనే ఉండి ఆహార బ్యాంకుల్లో, సహాయ కేంద్రాల్లో పనిచేసే సర్వీస్ మిషన్ కూడా ఇప్పుడు మిషనే, దానికీ పిలుపు అలాగే వస్తుంది. మన అబ్బాయి కూడా ఆ వేసవి నుంచి అదే చేశాడు, వారానికి నాలుగు రోజులు బియ్యం, బీన్స్ డబ్బాలు సర్దాడు. నియమాలు ఇంత మారాయి. మారాల్సింది ఆదివారం చర్చి వరండాలో ‘అరె, అప్పుడే వచ్చేశావా?’ అనే ఆ గొంతు. ఎవరూ చెడ్డగా అనరు. మా ఊళ్ళో కూడా ఎవరూ చెడ్డగా అనలేదు. నేను కోరేది పెద్దదేమీ కాదు. మధ్యలో వచ్చినవాడి కోసం కూడా ఆ ఎయిర్‌పోర్టు హాల్లో రెండు బెలూన్లు ఉండాలి, మొదటి కౌగిలి అమ్మదే అవ్వాలి. మనవైపు కూడా అంతే. అమెరికా నుంచి, ఐఐటీ కోచింగ్ హాస్టల్ నుంచి, గల్ఫ్ నుంచి మధ్యలో వచ్చిన పిల్లల కోసం పగటిపూట స్టేషన్‌కి వెళ్ళాలి. ఎందుకొచ్చావు అని అడిగేముందు తిన్నావా అని అడగాలి.

2024 వేసవిలో అమ్మ యూటా వచ్చింది. అబ్బాయి జపాన్ నుంచి తెచ్చుకున్న అలవాటు ఒకటుంది. వేయించిన బార్లీ నీళ్ళలో నానబెట్టి చల్లగా తాగుతారు, ముగిచా అంటారు. పేరులో చా ఉన్నా తేయాకు ఉండదు కాబట్టి వాళ్ళకి నిషేధం లేదు. అమ్మ కోసం ఒక సీసా చేసి తెచ్చాడు. అమ్మ ఒక గుక్క తాగి, ‘ఇది బార్లీ నీళ్ళే కదే, నీకు మూత్రంలో మంట వస్తే కాచి ఇచ్చేదాన్ని’ అంది. అతనికి చెబితే పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఈ అబ్బాయి ఎవరని అమ్మ అడిగింది. జపాన్ వెళ్ళి, ఒంట్లో బాగోక మధ్యలో వచ్చేశాడని చెప్పాను. అమ్మ గ్లాసు కింద పెట్టింది. అతని వైపు తిరిగి, అతనికి తెలుగు రాదన్న ధ్యాస కూడా లేకుండా, ‘మా అమ్మాయి కూడా అలాగే మధ్యలో వచ్చేసిందయ్యా. జబ్బు చేసి వచ్చింది. నేను ఎవరికీ చెప్పలేదు’ అంది.

పదిహేనేళ్ళలో ఆ మాట అమ్మ నోట వినడం అదే మొదటిసారి. అమ్మ ఏమందని ఆ అబ్బాయి నా వైపు చూస్తున్నాడు. ఇంగ్లీషులో చెప్పడానికి నాకు కొంచెంసేపు పట్టింది.